బాక్సర్‌కు దమ్ము ఎలా వస్తుంది: గుండెను, ఊపిరితిత్తులను బౌట్‌కు సిద్ధం చేసే పద్ధతి

బాక్సింగ్ నేర్చుకుంటున్న కొత్త కుర్రవాడిని మొదటిసారి స్పారింగ్‌కు, అంటే తోటివారితో చేసే సాధన పోరుకు, దింపినప్పుడు దాదాపు ప్రతిసారీ ఒకే దృశ్యం కనిపిస్తుంది. మొదటి నిమిషం అతను ఆగకుండా కొడతాడు. రెండో నిమిషం సగమయ్యేసరికి గడ్డం దగ్గర ఉండవలసిన చేతులు ఛాతీ దగ్గరికి జారతాయి, భుజాలు ఎగసిపడడం మొదలవుతుంది. మూడో నిమిషంలో నోరు తెరుచుకుని, మౌత్ గార్డ్‌ను నాలుకతో ముందుకు నెట్టుకుంటూ, కొట్టడం మాని ఎదుటివాడి మెడ మీద వాలిపోతాడు. అతని చేతుల్లో బలం తక్కువేమీ కాదు, రోజూ వంద దండీలు తీసేవాడే. అతనికి చాలనిది దమ్ము. అంటే కండరాలు అడిగినంత ప్రాణవాయువును అడిగిన వేగంతో అందించగల గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం. దానిని ఎలా కొలుచుకోవాలో, పన్నెండు వారాల్లో ఎలా పెంచుకోవాలో, ఆ క్రమంలో ఎక్కడ జాగ్రత్తపడాలో ఈ వ్యాసంలో వివరిస్తాను. అమెచ్యూర్ బాక్సింగ్‌ను ప్రధానంగా తీసుకుంటున్నాను. కుస్తీ విషయంలో తేడా ఉన్న చోట ఆ తేడానూ చెబుతాను.

బౌట్ శరీరాన్ని ఏమి అడుగుతుంది

అమెచ్యూర్ బౌట్‌లో, అంటే ఒక పోటీ ఆటలో, మూడేసి నిమిషాల రౌండ్లు 3 ఉంటాయి, రౌండ్ల మధ్య ఒక నిమిషం విరామం ఉంటుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మహిళలకు మొదటిసారి బాక్సింగ్ ప్రవేశపెట్టినప్పుడు వారికి రెండేసి నిమిషాల రౌండ్లు 4 ఉండేవి. టోక్యో ఒలింపిక్స్ నాటికి వారికీ మూడేసి నిమిషాల రౌండ్లు మూడే అయ్యాయి. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ విజేతగా నిలిచింది ఈ మూడు రౌండ్ల పద్ధతిలోనే. మొత్తం కలిపితే తొమ్మిది నిమిషాల ఆట. పది కిలోమీటర్లు తేలికగా పరుగెత్తేవాడు కూడా ఆ తొమ్మిది నిమిషాల్లో చతికిలబడడం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు.

కారణం ఇంధనం దగ్గర ఉంది. గట్టి దెబ్బ విసిరేటప్పుడు కండరం తనలో అప్పటికే నిల్వ ఉన్న క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే పదార్థాన్ని ఖర్చు చేస్తుంది. ఆ నిల్వ పూర్తి బలంతో కొడితే సుమారు పది సెకన్లకు మించి రాదు. ఆ తర్వాత కండరం చక్కెరను ప్రాణవాయువు లేకుండానే విరగ్గొట్టి శక్తిని తీస్తుంది, అప్పుడు రక్తంలో లాక్టేట్ పేరుకుంటుంది, కండరంలో ఆమ్లత్వం పెరుగుతుంది, చేతులు సీసం పోసినట్లు బరువెక్కుతాయి. అయితే ఖర్చయిన క్రియాటిన్ ఫాస్ఫేట్ తిరిగి నిండాలంటే ప్రాణవాయువు తప్పనిసరి. ధారాళంగా అందితే సుమారు అర నిమిషంలో సగం నిల్వ తిరిగి వస్తుంది. కాబట్టి ఒక దెబ్బ విసరడానికి ప్రాణవాయువు అక్కర లేకపోవచ్చు గాని, అదే దెబ్బను మూడో రౌండ్‌లో మళ్లీ అంతే గట్టిగా విసరడానికి మాత్రం అది కావాలి. బాక్సర్ దమ్ము అంటే ఎంత సేపు పరుగెత్తగలడన్నది కాదని, ఒక దాడికీ మరో దాడికీ మధ్య ఎంత త్వరగా తేరుకోగలడన్నదే అసలు లెక్క అని నేను విద్యార్థులకు మొదటి రోజే చెబుతాను. ఇక్కడ రాసే సాధన అంతా ఆ లెక్క చుట్టూనే తిరుగుతుంది.

ఈ పనిలో గుండె పాత్రను అంకెల్లో చూడండి. విశ్రాంతిలో ఉన్న సాధారణ యువకుడి గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటూ, ఒక్కో స్పందనలో సుమారు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని పంపుతుంది, అంటే నిమిషానికి దాదాపు 5 లీటర్లు. బౌట్‌లో అదే గుండె 190 దాకా పరుగెత్తి, ఒక్కో స్పందనకు 110 మిల్లీలీటర్లు పంపితే 21 లీటర్ల వరకు వస్తుంది. ఏళ్ల తరబడి సాధన చేసినవారి గుండె అదే 190 దగ్గర ఒక్కో స్పందనకు 160 మిల్లీలీటర్లు పంపగలిగితే నిమిషానికి 30 లీటర్లు దాటుతుంది. సాధన వల్ల గుండె గరిష్ఠ వేగం పెరగదు, అది ఎక్కువగా వయసును బట్టి ఉంటుంది. పెరిగేది ఒక్కో స్పందనలో పంపే రక్తం. రక్తాన్ని ఒంటికి పంపే గుండె గది, ఎడమ జఠరిక, కొంచెం విశాలమై, రక్తంతో బాగా నిండి, బాగా ఖాళీ అవుతుంది. అందుకే మంచి దమ్మున్నవారి నాడి విశ్రాంతిలో 50 దగ్గర నిదానంగా కొట్టుకుంటుంది. ఐదు లీటర్లు పంపడానికి వారి గుండెకు అన్ని స్పందనలు చాలు.

మరొక విషయాన్ని చాలామంది కోచ్‌లు కూడా పట్టించుకోరు. ఒకే పరిమాణం పనిని కాళ్లతో చేసినప్పటి కంటే చేతులతో చేసినప్పుడు గుండె వేగం, రక్తపోటు ఎక్కువగా పెరుగుతాయి. దానికి తోడు చేతులను ఎప్పుడూ ఎత్తి పట్టుకోవడం, ఎదుటివాడిని కౌగిట్లో బిగించి పట్టుకోవడం వంటి పనుల్లో కండరం బిగుసుకుని తనలోని రక్తనాళాలను తానే నొక్కేస్తుంది, ఆ నాళాల్లోకి రక్తం తోయడానికి గుండె ఎక్కువ ఒత్తిడితో పనిచేయవలసి వస్తుంది. కుస్తీలో ఇది ఇంకా ఎక్కువ. ఫ్రీస్టైల్ కుస్తీలో మూడేసి నిమిషాల భాగాలు రెండు, మధ్యలో విరామం 30 సెకన్లే, పట్టు మీద పట్టు. అందుచేత కుస్తీ వీరుడి గుండె గోడలు ఒత్తిడికి అలవాటుపడి కొంత మందంగా అవడం, పరుగు వీరుడి గుండె గది విశాలంగా అవడం వైద్యులు గమనించారు. బాక్సర్‌కు ఈ రెండు రకాల బరువూ పడుతుంది కాబట్టి ఉదయం పరుగు ఒక్కటే అతనికి చాలదు, వేలాడదీసిన బ్యాగ్‌ను కొట్టడం ఒక్కటే కూడా చాలదు.

ముందు కొలుచుకోండి

సాధన మొదలుపెట్టే ముందు ఒక నోటు పుస్తకం, సెకన్ల ముల్లున్న గడియారం సిద్ధం చేసుకోండి. ఉదయం మెలకువ రాగానే, మంచం దిగకముందే, మణికట్టు దగ్గర బొటనవేలి వైపున రెండు వేళ్లు ఆనించి ఒక నిమిషం పాటు నాడి లెక్కపెట్టి రాసుకోండి. వారం రోజుల సగటు మీ విశ్రాంతి నాడి అవుతుంది. గరిష్ఠ వేగాన్ని అంచనా వేయడానికి 208 నుంచి మీ వయసులో పదింట ఏడు వంతులు తీసివేయండి; ఇరవై ఏళ్ల వారికి 208లో 14 పోగా 194 వస్తుంది. ఇది సగటు లెక్క మాత్రమే. ఒక్కో మనిషిలో పది స్పందనలు అటూ ఇటూ ఉండడం మామూలే.

అన్నిటికంటే విలువైన కొలత మూడోది. మూడు నిమిషాల పాటు బ్యాగ్ మీద బౌట్ వేగంతో పనిచేసి, గంట కొట్టగానే నాడి చూడండి, సరిగ్గా ఒక నిమిషం తర్వాత మళ్లీ చూడండి. చేతికి గ్లవ్‌లు ఉంటాయి కాబట్టి తోటివారు మీ మెడ పక్కన, ఒక వైపు మాత్రమే, మెత్తగా వేళ్లు ఆనించి పది సెకన్లు లెక్కపెట్టి ఆరుతో గుణించాలి. మెడకు రెండు వైపులా ఒకేసారి నొక్కకూడదు, గట్టిగా నొక్కితే కళ్లు తిరుగుతాయి. మొదటి లెక్క 186, రెండో లెక్క 150 వచ్చిందనుకోండి, మీ తేరుకునే అంకె 36. ఆరు వారాల సాధన తర్వాత అదే పని చేసినప్పుడు ఈ అంకె పెరిగితే సాధన సరైన దారిలో ఉన్నట్టు. ఒక నిమిషంలో 12 స్పందనలు కూడా తగ్గకపోతే మాత్రం దానిని తేలికగా తీసుకోక వైద్యుడికి చూపించుకోవడం మంచిది. చేతి గడియారాల్లో వచ్చే నాడి కొలత పరుగులో బాగానే ఉంటుంది గాని, చేతికి కట్లు కట్టి దెబ్బలు విసిరేటప్పుడు తరచుగా తప్పు చూపిస్తుంది.

మొదటి ఆరు వారాలు: నిదానంగా, ఎక్కువ సేపు

ఈ దశలోనే యువకుల ఓపిక నశిస్తుంది, కానీ దమ్ముకు పునాది పడేది ఇక్కడే. వారానికి నాలుగు రోజులు, ఒక్కోసారి 35 నుంచి 50 నిమిషాల పాటు, గరిష్ఠ వేగంలో 60 నుంచి 75 శాతం మధ్య నాడి ఉండేలా పరుగెత్తండి. ఇరవై ఏళ్ల వారికి అది సుమారు 116 నుంచి 145. నాడి చూసుకోవడం కుదరకపోతే పక్కనున్నవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతున్నారో లేదో గమనించండి. వాక్యం మధ్యలో ఊపిరి అందక ఆగుతున్నారంటే వేగం ఎక్కువైనట్టే. కొత్తవారికి ఈ వేగం నడకలా అనిపించి చిన్నతనంగా తోస్తుంది. తోచనివ్వండి. గుండె గది బాగా నిండి సాగే అలవాటు ఇలాంటి నిదానమైన, నిలకడైన పనిలో బాగా ఏర్పడుతుంది. కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరగడం, ప్రాణవాయువును వాడి శక్తినిచ్చే మైటోకాండ్రియాలు వృద్ధి చెందడం కూడా ఈ దశలోనే మొదలవుతాయి.

నాలుగు రోజుల్లో ఒక రోజు పరుగుకు బదులు స్కిప్పింగ్ చేయండి. మూడు నిమిషాలు ఆడి, ఒక నిమిషం మెల్లగా నడిచి, అలా ఆరు నుంచి పది రౌండ్లు. తాడు కింద నుంచి పోయేంత ఎత్తు మాత్రమే, అంటే రెండు మూడు వేళ్ల ఎత్తు మాత్రమే ఎగరాలి. మోకాళ్లు కొంచెం వంగి, మడమలు నేలకు తగలకుండా, మునివేళ్ల వెనుక భాగం మీద దిగాలి. టైల్స్ మీద, సిమెంటు గచ్చు మీద ఆడితే పది రోజుల్లో ముంగాలి ఎముక వెంట నొప్పి మొదలవుతుంది, కాబట్టి మట్టి నేల గాని రబ్బరు పరుపు గాని వెతుక్కోండి. మిగతా రోజుల్లో బాక్సింగ్ సాధన యథావిధిగా సాగవచ్చు, కాని అది మెళకువ నేర్చుకునే సాధనగానే ఉండాలి. రోజూ ప్రాణం పోయేలా స్పారింగ్ చేస్తూ ఈ పునాది వేయడం సాధ్యం కాదు.

తర్వాతి నాలుగు వారాలు: వేగం పెంచడం

ఇప్పుడు వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు తేడాతో, గుండెను దాని పైమెట్టు వరకు తీసుకెళ్లాలి. నార్వే క్రీడా శాస్త్రవేత్తల ద్వారా ప్రాచుర్యం పొందిన ఒక పద్ధతి ఇందుకు బాగా పనికొస్తుంది. పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకుని, నాలుగు నిమిషాల పాటు గరిష్ఠ వేగంలో 90 నుంచి 95 శాతం నాడి వచ్చేలా పరుగెత్తి, మూడు నిమిషాలు నెమ్మదిగా సాగి, ఇలా నాలుగుసార్లు చేయాలి. మొదటి నాలుగు నిమిషాల్లోనే ఉన్న శక్తినంతా ఖర్చు పెట్టేవారు నాలుగోసారి నడవవలసి వస్తుంది. నాలుగు సార్లూ ఒకే దూరం పరుగెత్తగలిగే వేగాన్ని ఎంచుకోవడం ఇక్కడ నేర్చుకోవలసిన విద్య, రింగులోనూ అదే విద్య అక్కరకొస్తుంది. ఎగువ వాలు ఉన్న రోడ్డు దొరికితే ఇంకా మంచిది, మోకాళ్ల మీద దెబ్బ తగ్గుతుంది.

రెండు వారాల తర్వాత ఈ రెండు రోజుల్లో ఒకదానిని బ్యాగ్ మీదికి మార్చండి. మూడు నిమిషాల రౌండ్‌లో ప్రతి అర నిమిషానికి ఒకసారి పది సెకన్ల పాటు పూర్తి వేగంతో, పూర్తి బలంతో కొట్టి, మిగతా ఇరవై సెకన్లు అడుగులు కదుపుతూ జాబ్‌లు (ముందు చేత్తో విసిరే తేలికపాటి సూటి దెబ్బలు) మాత్రమే విసరండి. ఆ ఇరవై సెకన్లలో నిలబడిపోకూడదు, చేతులు దించకూడదు. ఒక నిమిషం విరామం ఇచ్చి నాలుగు నుంచి ఆరు రౌండ్లు చేయండి. ఇక్కడ ఖర్చయ్యే క్రియాటిన్ ఫాస్ఫేట్‌ను ఆ ఇరవై సెకన్లలో తిరిగి నింపుకోవడమే కండరానికి మనం పెట్టే పరీక్ష. ప్రతి రౌండ్ చివరి పది సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో తోటివారిని లెక్కపెట్టమనండి. మొదటి రౌండ్‌లో 45 పడినవి ఆరో రౌండ్‌లో 25కు పడిపోతే పునాది ఇంకా చాలలేదని అర్థం చేసుకుని, మరో రెండు వారాలు నిదానపు పరుగును పెంచాలి.

ఫోన్లలో వీడియోలు చూసి ఇరవై సెకన్ల పని, పది సెకన్ల విరామం ఉండే టబాటా పద్ధతిని కొత్తవారు రోజూ చేయడం ఈ మధ్య ఎక్కువగా కనిపిస్తోంది. జపాన్ శాస్త్రవేత్త ఇజుమి టబాటా బృందం 1996లో ప్రచురించిన ఆ ప్రయోగం అంతకుముందే క్రీడల్లో ఉన్న యువకులతో, సైకిల్ మీద చేసినది. అది మంచి పద్ధతే, కాని పునాది లేని శరీరానికి రోజువారీ తిండిగా పెట్టవలసినది కాదు.

ఊపిరిని అదుపులో పెట్టుకోవడం

సాధనతో ఊపిరితిత్తులు పెద్దగా సైజు పెరగవు. పెరిగేది ఊపిరి తీసే కండరాల ఓర్పు, ముఖ్యంగా ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే ఉదరవితానం ఓర్పు, దానితో పాటు ఊపిరిని వాడే తీరు. విశ్రాంతిలో మనం నిమిషానికి 12 నుంచి 15 సార్లు, ఒక్కోసారి అర లీటరు చొప్పున గాలి పీలుస్తాము. బౌట్‌లో అది నిమిషానికి 100 లీటర్లు దాటవచ్చు. అంత గాలిని ఆడించే పక్కటెముకల మధ్య కండరాలు, ఉదరవితానం కూడా అలసిపోతాయి, అవి అలసినప్పుడు కాళ్లూ చేతులకు వెళ్లవలసిన రక్తంలో కొంత వాటి వాటాకు పోతుంది.

కొత్తవారు చేసే పెద్ద తప్పు దెబ్బ విసిరేటప్పుడు ఊపిరి బిగబట్టడం. మన తెలుగువారికి ఊపిరి బిగింపు అనగానే కోడి రామమూర్తి నాయుడు గుర్తుకొస్తారు. ఛాతీకి కట్టిన ఇనుప గొలుసులను ఊపిరి పూరించి తెంపేవారని ఆయన గురించి చెప్పుకుంటారు. అది ఒక్క క్షణంలో అసాధారణమైన బలం చూపే విద్య. తొమ్మిది నిమిషాల బౌట్‌కు కావలసినది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఊపిరి బిగించినప్పుడు ఛాతీ లోపలి ఒత్తిడి పెరిగి, గుండెకు తిరిగి రావలసిన రక్తం తగ్గుతుంది, రక్తపోటు ఎగుడుదిగుడు అవుతుంది, పైగా బయటికి పోవలసిన కార్బన్ డై ఆక్సైడ్ లోపలే నిలిచి ఆయాసాన్ని పెంచుతుంది. కాబట్టి ప్రతి దెబ్బతో పాటు పళ్ల సందుల్లోంచి ‘ఉస్’ అని చిన్నగా, చురుగ్గా ఊపిరి వదలండి. నాలుగు దెబ్బల వరుసకు నాలుగు చిన్న ‘ఉస్’లు. ఊపిరి మొత్తం ఒకేసారి ఖాళీ చేయకూడదు, ప్రతి దెబ్బకు కొంచెం కొంచెం వదలాలి. అలా వదిలేటప్పుడు పొట్ట కండరాలు వాటంతట అవే బిగుసుకుంటాయి కాబట్టి, అదే సమయంలో ఎదుటివాడి దెబ్బ పొట్ట మీద పడినా ఓర్చుకోగలుగుతారు. నిండుగా పీల్చుకున్న ఊపిరితో, వదులుగా ఉన్న పొట్టతో, డొక్కలో దెబ్బ తింటే ఉదరవితానం పట్టేసి కొన్ని సెకన్ల పాటు గాలి లోపలికీ రాదు, బయటికీ పోదు.

దీనిని మొదట అద్దం ముందు షాడో బాక్సింగ్‌లో, అంటే ఎదుట ఎవరూ లేకుండా గాలిలో దెబ్బలు విసురుతూ, సగం వేగంతో నేర్చుకోవాలి. తర్వాత నిదానపు పరుగులో మౌత్ గార్డ్ పెట్టుకుని పరుగెత్తడం వారానికి ఒకసారి అలవాటు చేసుకోండి. బౌట్ రోజునే మొదటిసారి దానితో ఊపిరాడక కంగారుపడినవారిని నేను ఎందరినో చూశాను.

కార్నర్‌లో 60 సెకన్లు

రౌండ్ల మధ్య రింగు మూలలో కూర్చునే ఈ నిమిషాన్ని విడిగా సాధన చేయాలని నా గట్టి అభిప్రాయం. చాలా చోట్ల బ్యాగ్ రౌండ్ అయిపోగానే కుర్రవాళ్లు నడుము మీద చేతులు పెట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూ, నీళ్ల సీసా సగం ఖాళీ చేస్తూ ఆ నిమిషాన్ని పారబోస్తారు. బౌట్‌లో ఆ నిమిషానికి ఉన్న విలువ వేరు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా ఉన్న గొట్టాల్లో సుమారు 150 మిల్లీలీటర్ల గాలి ప్రతి శ్వాసలోనూ ఉపయోగపడకుండా మిగిలిపోతుంది. ఆయాసంతో నిమిషానికి 60 సార్లు, అర లీటరు చొప్పున రొప్పితే 30 లీటర్ల గాలి ఆడినట్టే, కాని అందులో 9 లీటర్లు ఆ గొట్టాల్లోనే వృథా అవుతుంది, ఊపిరితిత్తుల లోపలి గదులకు చేరేది 21 లీటర్లు. అదే 30 లీటర్లను నిమిషానికి 15 సార్లు, రెండేసి లీటర్ల చొప్పున లోతుగా పీలిస్తే వృథా అయ్యేది రెండుంబావు లీటర్లే, లోపలికి చేరేది దాదాపు 28 లీటర్లు. రౌండ్ ముగిసిన క్షణంలో శరీరం 15 శ్వాసలతో సరిపెట్టుకోదు, అది 30 గాని 40 గాని అడుగుతుంది. అయినా అదే శ్రమతో ఎక్కువ గాలి లోపలికి చేరాలంటే లోతు పెంచడమే దారి.

సాధనలో ప్రతి రౌండ్ తర్వాత ఈ క్రమం పాటించండి. గంట కొట్టగానే నడిచి కార్నర్‌కు వచ్చి కూర్చోండి, తోటివారు మౌత్ గార్డ్ తీస్తారు. వీపును వెనక్కి ఆనించి, చేతులు తాళ్ల మీద గాని తొడల మీద గాని వదులుగా వదిలేయండి. మొదటి శ్వాసను పీల్చడంతో కాకుండా వదలడంతో మొదలుపెట్టండి. పెదవులు సున్నాలా చుట్టి ఊపిరిని పూర్తిగా బయటికి ఊదేస్తే తర్వాతి శ్వాస దానంతట అదే లోతుగా దిగుతుంది. ఛాతీ కాక పొట్ట ఉబ్బుతోందో లేదో తోటివారు అరచేయి ఆనించి చూడవచ్చు. ఇరవై, పాతిక సెకన్లు గడిచే వరకు కోచ్ ఏమీ మాట్లాడకపోవడం మంచిది, అప్పటిదాకా చెప్పింది చెవిలోకి వెళ్లదు. తర్వాత ఒకటి రెండు మాటలు, ఒక గుక్క నీళ్లు, చివరి పది సెకన్లలో లేచి నిలబడి, మౌత్ గార్డ్ పెట్టుకుని, రెండు చురుకైన శ్వాసలు. ఈ క్రమాన్ని పది వారాలు పాటించినవారి తేరుకునే అంకె, నోటు పుస్తకంలో వారం వారం పెరగడం కళ్లారా కనిపిస్తుంది.

ఎండ, బరువు, రక్తం

తెలుగు రాష్ట్రాల్లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వేడిలో చర్మానికి ఎక్కువ రక్తం పోతుంది, చెమటతో రక్తంలోని నీరు తగ్గుతుంది, అందువల్ల గుండె అదే పనికి మరింత వేగంగా కొట్టుకోవలసి వస్తుంది. వేసవి సాధనను ఉదయం ఐదున్నరకు మొదలుపెట్టి ఏడులోపు ముగించండి. చల్లని ఊరి నుంచి వేడి ఊరికి పోటీకి వెళ్లవలసి ఉంటే పది నుంచి పద్నాలుగు రోజుల ముందుగా వెళ్లి, కొంచెం కొంచెంగా ఒంటిని అలవాటు చేయాలి. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మన వాతావరణానికి ఎంతో మంచి పానీయం.

బరువు తగ్గించుకోవడానికి నీళ్లు మానేయడం మాత్రం ప్రాణాంతకం. 1997 చివరి రెండు నెలల్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ క్రీడాకారులు పోటీకి ముందు వేగంగా బరువు తగ్గే ప్రయత్నంలో చనిపోయారు. వేడి గదుల్లో, గాలి చొరని దుస్తులు వేసుకుని వ్యాయామం చేయడం అందుకు దారితీసింది, ఆ తర్వాత అక్కడ నిబంధనలు మారాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫొగాట్ 100 గ్రాములు ఎక్కువ ఉన్నందుకు ఫైనల్‌కు దూరమైనప్పుడు, అంతకుముందు రాత్రంతా ఆమె బరువు తగ్గడానికి పడిన యాతన దేశమంతా విన్నది. నా పద్దెనిమిదో ఏట ఒక పోటీకి రెండు కిలోలు ఎక్కువ ఉన్నానని రోజున్నర పాటు నీళ్లు ముట్టకుండా, దుప్పటి కప్పుకుని పరుగెత్తాను. బరువు సరిపోయింది. రెండో రౌండ్‌లో నాలుక అంగిలికి అతుక్కుపోయింది, గుండె చెవుల్లో కొట్టుకుంటున్నట్టు వినిపించింది, గంట మాత్రం వినిపించలేదు. ఆ రోజు నుంచి నా దగ్గరికి వచ్చే ఎవరినీ అలా చేయనివ్వలేదు. పోటీకి ఎనిమిది వారాల ముందే తూకం చూసుకుని, వారానికి అర కిలో చొప్పున తిండితో తగ్గవలసింది తగ్గాలి, అది కుదరకపోతే పై బరువులో ఆడాలి.

అమ్మాయిల విషయంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించకుండా దమ్ము గురించి మాట్లాడడం అన్యాయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ప్రాణవాయువును మోసేదే హిమోగ్లోబిన్. అది డెసిలీటరుకు 12 గ్రాముల కంటే తక్కువ ఉన్న అమ్మాయిని ఎంత పరుగెత్తించినా ఆయాసమే మిగులుతుంది, కోచ్ ఆమెను బద్ధకస్తురాలని తిడతాడు. పరీక్ష చేయించి, వైద్యుడు చెబితే ఐరన్ మాత్రలు వేసుకుని, ఆకుకూరలు, పప్పులు, మాంసాహారులైతే కాలేయం తింటూ, పప్పులో నిమ్మరసం పిండుకుని, భోజనం కాగానే టీ తాగే అలవాటు మానుకోవాలి.

ఎప్పుడు ఆపాలి

వ్యాయామం మధ్యలో స్పృహ తప్పడం, ఛాతీలో నొప్పి లేదా బిగింపు, గుండె లయ తప్పి దడదడలాడడం, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులోనే అకస్మాత్తుగా గుండె ఆగి చనిపోయి ఉండడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈసీజీ, గుండె స్కానింగ్ చేయించుకుని వైద్యుడు సరేనన్న తర్వాతే సాధన కొనసాగించాలి. గుండె కండరం పుట్టుకతో మందంగా ఉండే వ్యాధి బయటికి ఏ లక్షణమూ చూపకుండా దాగి ఉండగలదు. జ్వరం ఉన్నప్పుడు సాధన చేయకండి, వైరస్ జ్వరం గుండె కండరానికి వాపు తెచ్చే అవకాశం ఉంది. పరుగు ఆపిన పది నిమిషాలకు పొడి దగ్గు, పిల్లికూతలు వస్తుంటే అది వ్యాయామంతో వచ్చే ఆస్తమా కావచ్చు. మందు ఉంది, కాని డోపింగ్ నిబంధనల్లో దానికి పరిమితులు ఉన్నాయి కాబట్టి తాను క్రీడాకారుడినని వైద్యుడికి చెప్పాలి. ఉదయపు నాడి మామూలు కంటే ఎనిమిది, పది ఎక్కువగా రెండు మూడు రోజులు వరుసగా ఉంటే ఆ రోజు కఠిన సాధన మానేయండి.

ఛాతీ మీద తగిలిన దెబ్బ, బలమైనది కాకపోయినా, గుండె లయలో ఒక ప్రమాదకరమైన క్షణంలో పడితే గుండెను ఆపగలదు. ఇది అరుదు, కాని సాధన చేసే ప్రతి చోటా ఒకరికైనా సీపీఆర్ తెలిసి ఉండాలి. పడినవారికి స్పృహ, మామూలు శ్వాస లేకపోతే 108కు ఫోన్ చేయించి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదు సెంటీమీటర్ల లోతుకు తగ్గకుండా, ఆరు సెంటీమీటర్లు మించకుండా నొక్కుతూ ఉండాలి. గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం దగ్గర్లో ఉంటే వెంటనే తెప్పించాలి.

చివరి రెండు వారాలు, బౌట్ రోజు

పదకొండో వారంలో స్పారింగ్ బౌట్ వేగంతోనే ఉండాలి, కాని మొత్తం సాధన సమయాన్ని మూడో వంతు తగ్గించండి. పన్నెండో వారంలో సగం చేయండి. చివరి రోజుల్లో దమ్ము పోతుందేమోనన్న భయంతో ముందు రోజు వరకు పరుగెత్తేవారు అలసటను మూటగట్టుకుని రింగులోకి దిగుతారు. వారం, పది రోజుల్లో దమ్ము ఎక్కడికీ పోదు.

బౌట్‌కు 25 నిమిషాల ముందు ఒళ్లు వేడెక్కించడం మొదలుపెట్టి, నెమ్మది స్కిప్పింగ్, షాడో, ఆపై కోచ్ చేతులకు తొడుక్కునే ప్యాడ్ల మీద పది సెకన్ల వేగవంతమైన వరుసలు మూడు నాలుగు చేసి, చెమట పట్టాక ఆగి, ఒంటి మీద జాకెట్ వేసుకుని ఐదు నిమిషాలు నిదానంగా ఊపిరి తీసుకోండి. గుండెను ఒకసారి 160 దాకా తీసుకెళ్లి దించి ఉంచితే మొదటి రౌండ్ మొదటి నిమిషంలో ఆయాసం అంతగా ముంచెత్తదు. ఫలితం ప్రకటించిన తర్వాత, గెలిచినా ఓడినా, వెంటనే కుర్చీలో కూలబడకండి. తెరుచుకున్న రక్తనాళాల వల్ల రక్తం కాళ్లలో నిలిచిపోయి కళ్లు బైర్లు కమ్మవచ్చు. గ్లవ్‌లు విప్పించుకుని, పది నిమిషాలు నడుస్తూ, గుక్క గుక్కగా నీళ్లు తాగుతూ ఉండండి. నాడి 100 కంటే కిందికి దిగాక కూర్చుని, నోటు పుస్తకం తీసి, మూడు రౌండ్లలో ఏ నిమిషంలో చేతులు జారాయో రాసుకోండి.